కళ్లు పొడిబారడానికీ గర్భసంచి ఆపరేషన్‌కూ ఉన్న లంకె

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో కళ్లను కాపాడుకోవడం గురించి మీ పత్రిక ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు, ఏసీ గదుల వల్ల కళ్లు పొడిబారుతున్నాయని అందులో చక్కగా వివరించారు. కానీ ఈ జబ్బు మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువన్న సంగతి, బహిష్టులు ఆగిపోయిన తరువాత మరీ ఎక్కువన్న సంగతి, ఒంట్లో హార్మోన్ల మార్పులకూ దీనికీ సంబంధం ఉందన్న సంగతి అందులో ఎక్కడా కనపడలేదు. ఏసీ గదిలో ఒక్క రోజైనా కూర్చుని ఎరగని మా ప్రకాశం జిల్లా ఆడవాళ్లు, పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లి వచ్చేవాళ్లు, సాయంత్రానికి కళ్లు నులుముకుంటూ ఎందుకు ఇల్లు చేరుతున్నారో ఆ వ్యాసం చదివితే తెలియదు. తొమ్మిదేళ్లుగా ఈ బాధతో బతుకుతున్న మనిషిగా, మీరు వదిలేసిన ఆ భాగాన్ని రాయాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఒంగోలులో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. నలభై ఒకటో ఏట అధిక రక్తస్రావం వల్ల నాకు గర్భసంచి తీసివేశారు. ఎలాగూ పొట్ట కోస్తున్నాం కాబట్టి అండాశయాలు కూడా తీసేస్తే మున్ముందు కాన్సర్ భయం ఉండదని చెప్పి వాటినీ తీసివేశారు. కాగితం మీద సంతకం పెట్టింది నేనే. కానీ అవి లేకపోతే ఒళ్లు ఎలా మారుతుందో నాకు ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తెలియలేదు. నెల తిరగకముందే ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయి. కళ్ల సంగతి మాత్రం రెండేళ్లకు గానీ బయటపడలేదు.

ఆ ఏడాది ఏప్రిల్‌లో పదో తరగతి జవాబు పత్రాలు దిద్దడానికి వెళ్లాను. తల మీద ఫ్యాను తిరుగుతుండగా, ఎదురుగా పత్రాల కట్ట పెట్టుకుని దిద్దుతుంటే, ఐదారు పత్రాలు అయ్యేసరికి పిల్లల అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించేవి. రెప్ప కొడితే తేటపడేవి. నాలుగు పంక్తులు చదివేలోగా మళ్లీ అలుక్కుపోయేవి. మధ్యాహ్నానికి కంట్లో సన్నటి ఇసుక పోసి రుద్దినట్టు ఉండేది, సాయంత్రం ధారగా నీళ్లు కారేవి. ఒక పిల్లవాడికి వేయాల్సిన మార్కులు ఎక్కడ తప్పిపోతాయోనన్న భయంతో ప్రతి పత్రాన్నీ రెండుసార్లు కూడుకునేదాన్ని. పొద్దున లేవగానే రెప్పలు కంటిగుడ్డుకు అంటుకుపోయి, వేళ్లతో మెల్లగా విడదీసుకుంటే తప్ప తెరుచుకునేవి కావు.

మొదట చూపించుకున్న చోట ఎలర్జీ అన్నారు. రెండో చోట కళ్లజోడు మార్చారు. మూడో చోట వయసు, టెన్షన్ అన్నారు. మందుల షాపులో ఎరుపు తగ్గడానికని ఇచ్చిన చుక్కలు వేసుకుంటే రెండు గంటలు హాయిగా ఉండి, ఆ తరువాత మునుపటికంటే ఎక్కువ ఎర్రబడేవి. మూడేళ్ల పాటు ఇదే తంతు. కంట్లోంచి ఇన్ని నీళ్లు కారుతుంటే పొడిబారడం ఏమిటని మా ఇంట్లో వాళ్లే అనేవారు, నాకూ అది న్యాయంగానే తోచేది.

నాలుగో చోట ఒక యువ వైద్యురాలు కళ్లలోకి చూడకముందే, “అమ్మా, మీకు నెలసరి ఎప్పుడు ఆగింది?” అని అడిగారు. ఆ ప్రశ్నకు నేను నిర్ఘాంతపోయాను. కళ్లు చూపించుకోవడానికి వచ్చిన నన్ను ఈ మాట ఎందుకు అడుగుతున్నారో అర్థం కాలేదు. నా ఆపరేషన్ సంగతి విన్న తరువాత ఆవిడ రెండు పరీక్షలు చేశారు. అంచున మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి వడపోత కాగితం ముక్కను కింది రెప్పకు తగిలించి ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. పది మిల్లీమీటర్లకు మించి తడిస్తే మామూలని, ఐదు కూడా తడవకపోతే కన్నీరు తక్కువగా ఊరుతున్నట్టని చెప్పారు. నాది పద్నాలుగు తడిసింది. అంటే నీటికి కొరత లేదు. తరువాత పసుపుపచ్చ రంగుమందు కంట్లో అద్ది, రెప్ప కొట్టకుండా చూడమని, నీలి వెలుతురు వేసి చూశారు. కంటి మీద నీటి పొర కనీసం పది సెకన్లు చెదరకుండా ఉండాలట. నాది మూడో సెకనుకే చిట్లిపోయింది. ఆఖరున రెప్ప అంచును వేలితో నొక్కి, అక్కడి నుంచి బయటికి వచ్చినదాన్ని అద్దంలో నాకు చూపించారు. నూనెలా పారాల్సింది టూత్‌పేస్టులా గట్టిపడి, తెల్లగా, పోగులా వచ్చింది.

అసలు కన్నీరు అంటే వట్టి ఉప్పునీరు కాదు. కంటిని అంటిపెట్టుకుని జిగురు, దాని మీద నీరు, ఆ నీరు ఆవిరైపోకుండా పైన పలచని నూనె ఉంటాయి. ఆ నూనె ఊరే గ్రంథులు రెప్పల అంచున, వెంట్రుకల మొదళ్ల వెనక వరుసగా ఉంటాయి. పై రెప్పలో 25 నుంచి 40 వరకు, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు ఉంటాయి. 1666లో వాటిని వివరించిన జర్మన్ వైద్యుడు మీబోమ్ పేరుతో మీబోమియన్ గ్రంథులు అంటారు. చలికాలం నెయ్యి పేరుకున్నట్టు ఆ నూనె గ్రంథుల్లోనే గట్టిపడితే, ఎంత నీరు ఊరినా గాలికి ఆరిపోతుంది. ఆరిన కన్ను మంటపుట్టి, ఆ మంటకు మళ్లీ ధారగా నీళ్లు వదులుతుంది. నూనె పొర లేని ఆ నీళ్లు కంటిని తడిపి నిలవకుండా చెంపల మీదికి జారిపోతాయి. పొడిబారిన కళ్లు కారడంలో ఉన్న చిక్కు అదీ.

ఇక హార్మోన్ల మాట. యవ్వనంలో ముఖం జిడ్డెక్కి మొటిమలు రావడానికి కారణమైన ఆండ్రోజెన్ హార్మోన్లే ఈ రెప్పల గ్రంథులనూ పనిచేయిస్తాయి. వాటిని పురుష హార్మోన్లని అంటారు గానీ, ఆడవాళ్ల ఒంట్లోనూ అవి ఉంటాయి. అండాశయాలు, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు వాటిని తయారుచేస్తాయి. వయసుతో వాటి పరిమాణం మెల్లగా తగ్గుతుంది. బహిష్టులు ఆగిన తరువాత కూడా అండాశయాలు ఆండ్రోజెన్లలో ఒకటైన టెస్టోస్టెరాన్‌ను కొంత ఇస్తూనే ఉంటాయి. రెండు అండాశయాలనూ ఒకేసారి తీసేస్తే అది ఒక్కసారిగా సుమారు సగానికి పడిపోతుంది. ప్రోస్టేట్ జబ్బుకు ఆండ్రోజెన్‌ను అణిచే మందులు వాడిన మగవాళ్లలో కూడా ఈ రెప్పల గ్రంథులు దెబ్బతినడం వైద్యులు గమనించారు. నా కళ్ల జబ్బు మొత్తం ఆపరేషన్ వల్లే వచ్చిందని నేను అనడం లేదు. వయసు, సుద్దపొడి, ఫ్యాను గాలి, మా జిల్లా ఎండ అన్నీ తలా ఒక చెయ్యి వేసి ఉంటాయి. కానీ ఆ ఒక్క ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే నాకు మూడేళ్లు కలిసి వచ్చేవి.

ఇది నా ఒక్కదాని గొడవ అయితే పత్రికకు రాసేదాన్ని కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 100 మందిలో సుమారు 3 మంది అయితే, మన ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది. దేశంలోకెల్లా ఎక్కువ ఇక్కడే. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. గర్భసంచి మాత్రమే తీసినవారి పరిస్థితి వేరు, అండాశయాలు కూడా తీసినవారి పరిస్థితి వేరు. కానీ మా పల్లెల్లో చాలామందికి తమకు ఏది తీశారో, ఏది ఉంచారో తెలియదు. డిశ్చార్జి కాగితం ట్రంకు పెట్టె అడుగున ఎక్కడో ఉంటుంది.

టంగుటూరు దగ్గర పల్లెలో ఉండే మా తోడికోడలు సంగతే చెబుతాను. ముప్పై మూడో ఏట ఆమెకు ఆ ఆపరేషన్ అయింది. పొగాకు ఆకు గ్రేడు చేసే పనికి వెళుతుంది. పోయిన వేసవిలో పండగకు వచ్చినప్పుడు, “కళ్లల్లో కారం కొట్టినట్టుందక్కా, ఆకు దుమ్ము పడినట్టుంది” అంటూ కొంగు చివరను నోటితో ఊది కంటికి ఒత్తుకుంటూ కూర్చుంది. ఇరుగుపొరుగు చెప్పారని నందివర్ధనం పూల రసం పిండుకున్నదట, ఆముదం కూడా వేసుకున్నదట. పూలను మూసిన రెప్పల మీద చల్లగా పెట్టుకుంటే పోయేదేమీ లేదు గానీ, ఏ రసమైనా, ఏ నూనైనా, చనుబాలైనా కంట్లో వేసుకోవడం చీము పట్టడానికి, నల్లగుడ్డు మీద పుండు పడడానికి దారి అని బతిమాలి మానిపించాను. కాగితాలు వెతికించి చూస్తే ఆమెకూ రెండు అండాశయాలూ తీసివేశారని తెలిసింది. ముప్పై మూడేళ్లకు! ఆమె కళ్లకే కాదు, ఎముకలకు కూడా ఆ హార్మోన్లు ఎంతో అవసరమైన వయసు అది.

అయితే హార్మోన్ మాత్రలు మింగితే కళ్లు బాగుపడతాయని ఎవరూ అనుకోవద్దు. అమెరికాలో బహిష్టులు ఆగిన 25 వేల మందికి పైగా స్త్రీల వివరాలను పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ ఒక్కటే వాడినవారిలో కళ్లు పొడిబారే అవకాశం, ఏమీ వాడనివారికంటే 69 శాతం ఎక్కువగా కనపడింది. దానితో పాటు ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ మందు కూడా వాడినవారిలో 29 శాతం ఎక్కువ. ఇది చదివి ఉన్న మాత్రలు మానేయడం కూడా తప్పే. చిన్న వయసులో అండాశయాలు పోయినవారికి ఎముకల కోసం, గుండె కోసం వైద్యులు వాటిని ఇస్తారు. మాత్రలు రాసిన స్త్రీవైద్య నిపుణురాలికి కళ్ల సంగతి చెప్పాలి, కంటి వైద్యులకు మాత్రల సంగతి చెప్పాలి. రోగి నోరు విప్పితే తప్ప ఆ ఇద్దరి మధ్య మాట నడవడం లేదు.

నాకు మేలు చేసినవి చాలా సాదా పనులు. ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి పక్కన పెట్టుకుని, మెత్తటి నూలుగుడ్డ ముంచి పిండి, చెయ్యి ఓర్చుకోగల వేడితో మూసిన రెప్పల మీద వేసుకుంటాను. గుడ్డ రెండు నిమిషాలకే చల్లారుతుంది. చల్లారిన గుడ్డ వల్ల ప్రయోజనం లేదు కాబట్టి మళ్లీ మళ్లీ ముంచుతూ పది నిమిషాలు కాపడం పెట్టాలి. పేరుకున్న నూనె కరిగిన వెంటనే పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపు వేలితో మెల్లగా నిమరాలి. మొదటి పదిహేను రోజులు ఏ తేడా కనపడక మానేద్దామనుకున్నాను. నెలన్నరకు పొద్దున్నే రెప్పలు వాటంతట అవే తెరుచుకున్నాయి. కన్నీటికి బదులుగా వాడే చుక్కలు రోజుకు నాలుగుసార్లకు మించి అవసరమైతే, నిల్వ ఉండే మందు కలపనివి అడిగి తీసుకోవాలి. ఆ కలిపిన మందే కంటిపొరను ఇంకా రేపుతుంది. దిద్దేటప్పుడు ఫ్యాను గాలి ముఖానికి తగలని చోట కూర్చుంటాను. ఒక్కో జవాబుకు ఒకసారి రెప్పలు పూర్తిగా మూసి తెరుస్తాను. జలుబు మాత్రలు కళ్లను ఇంకా ఆరబెడతాయి కాబట్టి తప్పనిసరైతేనే వేసుకుంటాను. స్టీరాయిడ్ చుక్కలు మాత్రం మందుల షాపులో అడిగి ఎవరూ కొనవద్దు. వాటితో వచ్చే హాయి వెనక కంటి ఒత్తిడి పెరగడం, శుక్లం రావడం ఉన్నాయి.

కళ్లతో పాటు నోరు కూడా ఎండిపోయి నీళ్లు లేనిదే ముద్ద దిగకపోతే, కీళ్లు నొప్పులు పెడుతుంటే, అది ఒంటి రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథులను దెబ్బతీసే షోగ్రెన్ జబ్బు కావచ్చు. దాని బారిన పడేవారిలో పది మందిలో తొమ్మిది మంది ఆడవాళ్లే. థైరాయిడ్ ఉన్నవారు కూడా కళ్లు చూపించుకోవాలి.

2019 అక్టోబర్ 10న మన రాష్ట్రంలో కంటి వెలుగు కార్యక్రమం మొదలైనప్పుడు మా బడి పిల్లలకు కూడా పరీక్షలు జరిగాయి, దానివల్ల కళ్లజోళ్లు వచ్చిన పిల్లలను నేను చూశాను. కానీ ఇలాంటి శిబిరాల్లో అక్షరాల బోర్డు చదవగలిగితే కళ్లు బాగున్నట్టు లెక్క. పొడిబారిన కళ్లతో నేనూ ఆ బోర్డు ఆఖరి పంక్తి వరకు చదివాను, రెప్ప కొట్టిన మరుక్షణంలో ఎవరైనా చదవగలరు. రంగుమందు కాగితం, నీలి వెలుతురు, ఒక గడియారం ఉంటే చాలే ఆ పరీక్షను శిబిరాలకు వచ్చే నలభై దాటిన ఆడవాళ్లకైనా చేయాలని, ఓపీ చీటీ మీద నెలసరి ఆగిన వయసు, గర్భసంచి ఆపరేషన్ వివరం రాయడానికి ఒక గడి పెట్టాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. గర్భసంచి ఆపరేషన్‌కు సంతకం తీసుకునే ముందు అండాశయాలు ఉంచుతారో తీస్తారో, తీస్తే ఆవిర్లు, ఎముకలు, కళ్ల విషయంలో ఏమేమి రావచ్చో తెలుగులో చదివి వినిపించాలని స్త్రీవైద్య నిపుణులను కోరుతున్నాను. ఈసారి మీ ఆరోగ్యం పేజీలో కళ్ల గురించి రాసేటప్పుడు ఒక కంటి వైద్యుణ్నీ, ఒక స్త్రీవైద్య నిపుణురాలినీ కలిపి కూర్చోబెట్టి అడగండి. పొగాకు సీజను ముగిసి వేలం కేంద్రాల్లో పని తగ్గే లోపు ఆ వ్యాసం వస్తే, కత్తిరించి మా తోడికోడలు పనిచేసే షెడ్డు గోడకు అంటించి వస్తాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా.