నందిగామ రేడియేటర్ మేస్త్రి గారికి మా కుటుంబమంతటి తరఫున కృతజ్ఞతలు

మా తాతగారు వంతు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి 1969లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 కారు నిన్న అర్ధరాత్రి దాటాక ఎవరూ లాగనవసరం లేకుండా సొంతంగా నడిచి గుడివాడ చేరింది. ఒళ్ళు నొప్పులు తగ్గలేదు, ఇంట్లో పెళ్ళి పనులు అలాగే ఉన్నాయి, అయినా ఈ మాటలు ఇవాళే రాయకపోతే నా మనసు కుదుటపడదు. నందిగామలో ఒక పెద్దమనిషి ముక్కూ మొహం తెలియని మాకు చేసిన మేలు నలుగురికీ తెలియాలి. తన పేరూ దుకాణం వివరాలూ రాయవద్దని ఆయన మరీమరీ చెప్పారు కనుక మేస్త్రి గారు అని మాత్రమే రాస్తున్నాను.

హైదరాబాద్ నుంచి బయలుదేరి జగ్గయ్యపేట దాటి కొంత దూరం వచ్చేసరికి కారు ముందు భాగంలో ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు మొదలైంది. అదేమిటో అర్థమయ్యేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగదన్నింది. వెనక సీట్లో ఉన్న నాన్నగారు "ఇంజిన్ ఆపెయ్యరా, రేడియేటర్ మూత ముట్టుకోవద్దు" అని తమ్ముణ్ణి కేకేశారు. ఆ ఒక్క కేకే ఇంజిన్ పైభాగాన్ని నీళ్ళూ వాయువులూ కారకుండా మూసి ఉంచే హెడ్ గ్యాస్కెట్‌ను కాపాడిందని తరువాత మేస్త్రి గారు కూడా అన్నారు. వేడి చల్లారాక బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ మీద వెనకవైపు వంపు తిరిగిన పెద్ద గాటు పడి ఉంది. రాగి రేకులు నలిగి ముద్దయ్యాయి, లోపలి గొట్టాలు కొన్ని నోళ్ళు తెరుచుకున్నాయి, ఫ్యాన్ రెక్క ఒకటి మెలితిరిగింది. ఈ కార్లలో ఫ్యాన్‌కు వేరే మోటారు ఉండదు. వాటర్ పంపు పుల్లీకే దాన్ని బోల్టులతో బిగిస్తారు, ఇంజిన్ తిరిగినంతసేపూ బెల్టు దాన్ని తిప్పుతూనే ఉంటుంది. రేడియేటర్‌కూ ఫ్యాన్‌కూ మధ్య ఉండే ఆ కొద్దిపాటి ఖాళీ పోతే ఇక రెక్కలు రేడియేటర్‌ను కోయడం ఆగదు.

బీమాతో పాటు ఏటా డబ్బు కట్టి తీసుకుంటున్న రోడ్డు సహాయానికి ఫోన్ చేశాము. వాహనం వయసు పరిమితి దాటింది కనుక బండి పంపలేమని సమాధానం వచ్చింది. డబ్బు తీసుకున్నప్పుడు అడ్డురాని వయసు సాయం అడిగినప్పుడే ఎందుకు అడ్డొచ్చిందో ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్‌లో మాకు తెలిసిన ఒక పెద్ద వర్క్‌షాపు వారిని అడిగితే, పాత రేడియేటర్ తీసి పారేసి, ముందు భాగం కొంత కోసి, అల్యూమినియంది ఒకటి, దానికో ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించుకోమని సలహా ఇచ్చారు. ఎలాగో కారును తాడు కట్టి లాగించుకుని నందిగామ చేరాము.

మేస్త్రి గారిది రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందొక నీళ్ళ తొట్టి. లారీల రేడియేటర్లకు మాట్లు వేయడం, అంటే లోహం కరిగించి చిల్లులు అతకడం, ఆయన వృత్తి. డెబ్బై ఏళ్ళకు పైబడిన మనిషి. మా కారును చూడగానే రేడియేటర్ జోలికి పోకుండా ఫ్యాన్ రెక్కను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపారు. పుల్లీతో సహా అంతా ఊగింది. పంపు లోపలి సీలు అరిగితే నీళ్ళు బయటికి కారేందుకు పంపు కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర వేలు పెట్టి చూసి, అక్కడి తడిని నాకు చూపించారు. "రేడియేటర్‌దేముందమ్మా, సాయంత్రానికి నీళ్ళు నిలబెడతాను. ఫ్యాన్ ముందుకెందుకొచ్చిందో తేల్చకుండా బిగించానంటే విజయవాడ చేరేలోపే మళ్ళీ కోసుకుంటది" అన్నారు. పంపు బేరింగు అరిగిపోయిందని, దానికి తోడు ఇంజిన్‌ను మోసే ముందు రబ్బర్లు నూనెకు నాని మెత్తబడడంతో బ్రేకు వేసినప్పుడల్లా ఇంజిన్ ముందుకు జరుగుతోందని, గడ్డపారతో ఇంజిన్‌ను కాస్త ఎత్తి మరీ మాకు అర్థమయ్యేలా చెప్పారు. నేను ఆయనకు రుణపడింది మొదట ఇందుకు. కనిపిస్తున్న దెబ్బకు వైద్యం చేసి డబ్బు తీసుకుని పంపించివేయడం ఆయనకు ఎంతో సులువు, అయినా ఆయన ఆ పని చేయలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో తనకు తెలిసినవారికి తానే ఫోన్ చేసి బేరింగు, సీలు, రబ్బర్లు తెప్పించారు. అవి వచ్చేలోపు రేడియేటర్ విప్పి, దాని పై తొట్టి మాట్లు కరిగించి తీసి, ఒక్కొక్క గొట్టంలోకి సన్నని ఇనుప బద్ద దూర్చి, ఏళ్ళుగా పేరుకున్న తెల్లటి ఉప్పు పెళ్ళలను రాలగొట్టారు. నలిగిన రేకులను, చిక్కుపడ్డ జుట్టును దువ్వినంత ఓపికగా, పాత రంపపు బ్లేడుతో ఒక్కొక్క వరుసే నిలబెట్టారు. పైపైన చీలిన గొట్టాలకు మాటు వేసి, లోతుగా తెగినవాటిని మాత్రం రెండు కొసలా మూసివేశారు. అన్నీ మూసేస్తే పని తేలికే గాని ఇంజిన్‌కు చల్లదనం చాలదని, అందుకే వీలైనన్ని గొట్టాలను బతికించాలని, చేతిలో పని ఆపకుండానే చెప్పుకొచ్చారు. రేడియేటర్‌ను నీళ్ళ తొట్టిలో ముంచి గాలి పెట్టినప్పుడు ఒక మూల నుంచి బుడగలు వచ్చాయి. మాకు కనిపించనంత సన్నటి బుడగలవి. పైకి తీసి, ఆరబెట్టి, ఆమ్లం రాసి, మళ్ళీ మాటు వేసి, మళ్ళీ ముంచారు. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయని తేలేవరకు ఆయన ఆ తొట్టి దగ్గర నుంచి లేవలేదు.

మెలితిరిగిన ఫ్యాన్ రెక్కను సరిచేయబోతే మొదలు దగ్గర వెంట్రుక వాసి పగులు కనబడింది. వెల్డింగ్ చేయించమంటారా అని తమ్ముడు అడిగితే ఆయన ఒప్పుకోలేదు. "అతికిన రెక్క ఊడిందంటే బానెట్‌ను చీల్చుకుని పోతది బాబూ, ఎదురుగా మనిషుంటే ప్రాణం మీదికొస్తది" అని, షెడ్డు వెనక గోనెసంచిలో వెతికి మరో అంబాసిడర్‌కు చెందిన ఫ్యాన్‌ను తెచ్చారు. దాన్ని ఒక కడ్డీ మీద నిలిపి పదేపదే తిప్పి, బరువు ఒకవైపుకు వాలడం లేదని చూసుకున్నాకే బిగించారు. ఎంత బతిమాలినా ఆ ఫ్యాన్‌కు డబ్బు తీసుకోలేదు.

ఇంత జరిగినా నాకు కన్నీళ్ళు రాలేదు. పని ముగిసేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. మేం బయలుదేరబోతుంటే ఆయన చేతులు కడుక్కుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. కొత్త మాటు మొదటిసారి వేడెక్కుతుంటే తాను దగ్గర ఉండాలట. కంచికచర్ల దగ్గర ఆపించి నీళ్ళు చల్లబడుతున్నాయో లేదో తెలియడానికి రేడియేటర్ పై గొట్టం, కింద గొట్టం చేత్తో తడిమి రెంటి వేడికీ తేడా చూశారు, పంపు కింద టార్చి వేసి తడి లేదని నిర్ధారించుకున్నారు. ఇబ్రహీంపట్నంలో మళ్ళీ అంతా చూసి, ఇక ఫర్వాలేదని అక్కడే దిగిపోయారు. తిరిగి దిగబెడతామంటే వద్దన్నారు. నాన్నగారి చేత కృతజ్ఞత చెప్పించాలని నేను వెనక తలుపు తీయబోతే, "పెద్దాయన ఇప్పుడే కునుకు తీస్తున్నాడు, లేపబాకమ్మా" అని, రోడ్డు దాటి నందిగామ వైపు వెళ్ళే బస్సు కోసం ఆ చీకట్లో నిలబడ్డారు. నాకప్పుడు దుఃఖం ఆగలేదు. మాట్లాడలేక చేతులు జోడించాను, అంతే. మేస్త్రి గారూ, నిన్న రాత్రి నోట రాని మాట ఇది. మీ ఋణం మేము తీర్చుకోలేము.

ఈ సందర్భంలో మనసులో ఉన్న బాధ కూడా చెప్పకుండా ఉండలేకపోతున్నాను. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తూ 2021లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. ఇరవై వేల రూపాయల రుసుముతో 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు, అయితే ఆ నంబరుతో ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ తప్ప రోజువారీ తిరగకూడదు. మేము ఆ నంబరు తీసుకోలేదు, మామూలు రిజిస్ట్రేషన్‌నే ఎప్పటికప్పుడు పొడిగించుకుంటూ వస్తున్నాము. నా బాధ నంబరు గురించి కాదు. అసలు రూపం చెడకూడదని కాగితం మీద రాసినవారు, ఆ రూపాన్ని నిలబెట్టే చేతుల గురించి ఏమీ ఆలోచించలేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. కొత్త కార్ల రేడియేటర్లు అల్యూమినియంవి, వాటి తొట్లు ప్లాస్టిక్‌వి, పాడైతే మార్చడమే గాని మాటు వేసే పని లేదు. తన దగ్గర ఈ పని నేర్చుకోవడానికి ఎవరూ రావడం లేదని మేస్త్రి గారు మామూలుగానే చెప్పారు, నేను మామూలుగా వినలేకపోయాను. ఆయనకు శిష్యులను ఇచ్చి, నెలకు ఇంతని గౌరవ వేతనం ఇచ్చి ఈ విద్యను నిలబెట్టే ఏర్పాటు ఒక్కటైనా ఉండకూడదా? రోడ్డు సహాయం అమ్ముకునే కంపెనీలు వయసు పరిమితిని డబ్బు కట్టించుకునే ముందే స్పష్టంగా చెప్పకూడదా?

దారి పొడవునా కారు నడిపిన తమ్ముడికి, పెళ్ళి పనులన్నీ తన నెత్తిన వేసుకున్న మా వారికి, అమ్మను కనిపెట్టుకుని ఉన్న పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

రాయడం అయిపోయిందనుకున్నాక అమ్మ గుర్తుచేసింది. మేస్త్రి గారి భార్య అమ్మానాన్నలకు పెరుగన్నం పెట్టి, వేపచెట్టు కింద మంచం వాల్చి ఇచ్చారు, ఆ తల్లికి నమస్కారాలు. కారును తాడు కట్టి నందిగామ దాకా లాగిన ట్రాక్టర్ అబ్బాయి డీజిల్ ఖర్చు మాత్రమే తీసుకుని వెళ్ళిపోయాడు, హడావిడిలో పేరు కూడా అడగలేదు, ఇది చదివితే దయచేసి పలకరించు బాబూ. రోడ్డు మీద ఎండలో నిలబడి ఉన్నప్పుడు బిందెతో మంచినీళ్ళు తెచ్చిన టీ కొట్టు అక్కకు, ఆటోనగర్ నుంచి బేరింగు పొట్లాన్ని జాగ్రత్తగా తెచ్చి నందిగామ బస్టాండులో చేతికిచ్చిన కండక్టర్ గారికి కూడా మా అందరి కృతజ్ఞతలు.