మోంటానా గవర్నర్ గారికి బహిరంగ లేఖ: భూమి అమ్మేముందు కాలువ సంగతి చెప్పించండి

గౌరవనీయులైన గవర్నర్ గ్రెగ్ జియాన్‌ఫోర్టే గారికి,

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, జిల్లా వంటి గాలటిన్ కౌంటీలో, బోజ్‌మన్ పట్టణానికి పడమరనున్న పొలాల మధ్య కాపురముంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఈ లేఖను ఇంగ్లీషులో మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో కూడా ప్రకటించడానికి ఒక కారణం ఉంది. సియాటిల్ నుంచీ, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచీ నాకు ఫోన్ చేసి "అక్కడ ఇరవై ఎకరాలు ఎంతలో వస్తాయండీ, బోరు వేస్తే నీళ్ళు పడతాయా" అని ఆరా తీసేవారిలో మావాళ్ళూ ఉన్నారు. కొనబోయేది ఏమిటో వాళ్ళకూ తెలియాలి.

2010 జనగణనలో 89,513 మంది ఉన్న మా కౌంటీ 2020 నాటికి 1,18,960 మందికి చేరింది. బోజ్‌మన్ ఒక్కటే 37,280 నుంచి 53,293కు పెరిగింది. జనం పెరిగినందువల్లనే, 1990 జనగణన తర్వాత రాష్ట్రం పోగొట్టుకున్న రెండవ కాంగ్రెస్ స్థానం మళ్ళీ దక్కింది. అదే పెరుగుదల ఊళ్ళో చిరాకును కూడా పెంచింది. బోజ్‌మన్‌ను లాస్ ఏంజిలెస్‌తో కలిపి "బోజాంజిలెస్" అని వెక్కిరించడం, ముందున్న కారు నంబరు ప్లేటు మీద మా కౌంటీ అంకె 6 ఉందా, లేక ఆ కారు కాలిఫోర్నియాదా అని చూశాకనే చెయ్యి ఊపడం, "మోంటానా నిండిపోయింది" అన్న స్టిక్కరు బంపరుకు అంటించుకోవడం ఇక్కడ మామూలైపోయాయి. ఆ వరసలో నేను నిలబడలేను. నేనూ బయటినుంచి వచ్చినవాణ్ణే. మీరు సైతం 1995లో న్యూజెర్సీ నుంచి బోజ్‌మన్ వచ్చి, 1997లో ఇక్కడే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, దాన్ని ఒరాకిల్ కొనేంతవరకు పెంచినవారు. పల్లెల మధ్య కూర్చుని నగరపు ఉద్యోగం చేయవచ్చునని ఈ లోయకు చూపించిన మొదటివారిలో మీరొకరు. అందుచేత కొత్తవాళ్ళను రానివ్వవద్దని మీకు విన్నవించడం లేదు. వాళ్ళకు భూమిని ఎలా ముక్కలు చేసి, ఏమి చెప్పి, ఏమి చెప్పకుండా అమ్ముతున్నారన్నదే నా ఫిర్యాదు.

పట్టణాల విషయంలో మీరు చేసిన పనికి వంక పెట్టలేను. 2022లో మీరు వేసిన గృహనిర్మాణ కార్యదళం సూచనలను 2023 శాసనసభ చాలావరకు చట్టాలుగా మార్చింది. ఒక్క కుటుంబానికే అనుమతి ఉన్న స్థలాల్లో రెండు కుటుంబాల ఇళ్ళు, పెరట్లో చిన్న అద్దె ఇల్లు కట్టుకొనే వీలు ఏర్పడింది. కోర్టులో సవాలు ఎదురైనా 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు వాటి అమలుకు ఉన్న అడ్డంకి తొలగించింది. 2025లో సొంత ఇంట్లో ఉండేవారికీ, ఏడాది పొడవునా అద్దెకిచ్చేవారికీ పన్ను తగ్గించి, సెలవులకు వచ్చిపోయేవారి రెండో ఇళ్ళ మీద భారం పెంచారు. అవి అవసరమే. అయితే ఇవన్నీ ప్రధానంగా ఇంటికీ, ఇంటి ఖర్చుకూ సంబంధించిన చట్టాలు. పట్టణపు హద్దు దాటి కంకర రోడ్డెక్కగానే తగాదా ఇంటి గురించి కాక నీటి గురించి, కంచె గురించి, దారి గురించి మొదలవుతుంది.

ఈ లోయలో 1860ల నాటి హక్కులతో ఇంకా పారుతున్న కాలువలున్నాయి. ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు అన్న సూత్రం మీద మోంటానా నీటి చట్టమంతా నిలబడి ఉంది. వసంతంలో మంచు కరగడం మొదలైనప్పుడు రైతులు కాలువ గట్ల మీద పోయినేడాది ఎండుగడ్డిని తగలబెట్టి, పూడిక తీసి, తూములు సరిచేసుకుంటారు. మా కృష్ణా, గోదావరి కాలువల మీద లస్కరు చేసే పనిని ఇక్కడ డిచ్ రైడర్ చేస్తాడు. ఎవరి తూము ఎంత లేవాలో, ఎప్పుడు దిగాలో అతడి మాటే శాసనం. పొలంలోకి నీరు మళ్ళించే రైతు భుజాన పార, చేతిలో ఒక పొడుగాటి కర్రకు కట్టిన నారింజరంగు ప్లాస్టిక్ పట్టా ఉంటాయి. ఆ పట్టాను కాలువకు అడ్డంగా వేసి, అంచుల మీద మట్టిగడ్డలు పెట్టి, నీరు గట్టు దాటి గడ్డిచేలో పరుచుకొనేదాకా నిలబడి, తర్వాత పట్టాను ఇంకాస్త దిగువకు జరుపుతాడు. మడవ కట్టడం తెలిసిన తెలుగు రైతుకు ఈ పని ఎవరూ నేర్పనక్కర్లేదు.

మా రోడ్డు చివర ఒక రాంచ్ (పశువులను పెంచే పెద్ద పొలం) ముక్కలై అమ్ముడైంది. అందులో ఒక ముక్క కొన్నవారు ఇంటి ముందు పచ్చికకు అడ్డొస్తోందని పాత కాలువను కొంతమేర సన్నని గొట్టంలోకి దించి, పైన మట్టి కప్పించారు. జూన్‌లో నీళ్ళు వదిలారు. గొట్టంలో పట్టని నీరు వెనక్కు తన్ని పక్క చేలో నిలిచింది. దిగువ రైతుకు అందాల్సిన సమయంలో అందలేదు. ఆయన పార పట్టుకొని గట్టు వెంట నడిచివస్తే, తమ స్థలంలోకి చొరబడ్డాడని ఇంటివారు షెరీఫ్‌కు ఫోన్ చేశారు. భూమి ఎవరి పేరున మారినా కాలువకు దారిహక్కు పోదనీ, దాన్ని శుభ్రం చేసుకోవడానికి కాలువ సొంతదారులు గట్టు వెంట రావచ్చనీ మోంటానా చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ ఇంటివారు చెడ్డవాళ్ళేమీ కారు. పొలం అమ్మిన ఏజెంటు వారికి కొండలు ఏ కిటికీలోంచి బాగా కనబడతాయో చూపించాడు తప్ప, ఆ నీళ్ళు ఎవరివో చెప్పలేదు.

కంచె విషయమూ అంతే. ఓపెన్ రేంజ్, అంటే పశువులు స్వేచ్ఛగా మేసే ప్రాంతం, ఉన్నచోట పశువులను లోపల కట్టేసుకోవలసిన బాధ్యత రాంచర్‌ది కాదు. వాటిని బయట ఉంచదలచుకున్నవాడే కంచె వేసుకోవాలి. రాత్రిపూట రోడ్డెక్కిన ఆవును కారు గుద్దితే చాలా సందర్భాల్లో ఆవు యజమానిది తప్పు కాదు. పశువులను తరిమే కుక్కను కాల్చడానికి కూడా చట్టం ఒప్పుతుంది. నగరంలో పుట్టి పెరిగినవారికి ఇవి తలకిందుల న్యాయంగా తోస్తాయి. తెలిస్తే పాటించేవారే ఎక్కువమంది. తెలియకే పక్క రాంచర్ మీద కోపం పెంచుకుంటారు.

ఇంతకంటే లోతైన తగవు భూమి అడుగున ఉంది. నిమిషానికి 35 గాలన్లు, ఏడాదికి 10 ఎకరం-అడుగులు దాటని బోరుకు నీటి హక్కు అనుమతి అక్కర్లేదని చట్టం మినహాయిస్తోంది. పది ఎకరం-అడుగులంటే సుమారు 1.23 కోట్ల లీటర్లు. మరోవైపు, మా లోయ ఉన్న ఎగువ మిస్సోరి పరీవాహకంలో కొత్త నీటి కేటాయింపులను 1993లోనే శాసనసభ చాలావరకు మూసివేసింది. అంటే మూడు తరాలుగా గడ్డి పండిస్తున్న కుటుంబం అదనంగా నీరు తీసుకోవాలంటే తలుపు మూసి ఉంటుంది. పక్కనే లేఅవుట్ వేసేవాడికి మాత్రం ప్లాటుకొక బోరు చొప్పున కిటికీ తెరిచి ఉంటుంది. కొండల నుంచి వచ్చే నదికీ, ఈ లోయ కింద ఉన్న నీటికీ సంబంధం లేనట్టు నటిస్తేనే ఈ ఏర్పాటు సమంజసంగా కనిపిస్తుంది. గొట్టాలతో ఒకదానికొకటి కలపకపోయినా ఇలాంటి బోర్లను కలిపి లెక్కించవచ్చునన్న పాత నిబంధననే 2016లో రాష్ట్ర సుప్రీంకోర్టు నిలబెట్టింది. తర్వాత కూడా ఈ మినహాయింపును సరిదిద్దే పని శాసనసభలో నలుగుతూనే ఉంది. పొలంలో ఇల్లు కట్టుకొనే ఒక కుటుంబానికో, పశువుల తొట్టికో బోరు వేసుకొనే వీలు ఉండాల్సిందే. పదుల ప్లాట్ల లేఅవుట్‌ను అదే గాటన కట్టడం న్యాయం కాదు.

ఇరవై ఎకరాల బేరం ఎక్కడినుంచి వచ్చిందో కూడా మీకు తెలిసిందే. భూమిని ప్లాట్లుగా విడగొట్టడం మీద 1970ల నాటి సబ్‌డివిజన్ చట్టం ఇరవై ఎకరాలకు తగ్గని ముక్కలకు సమీక్ష అక్కర్లేదన్నది. ఏళ్ళ తరబడి రాష్ట్రమంతటా భూమి సరిగ్గా ఆ కొలతకే తెగింది. 1993లో ఆ హద్దును 160 ఎకరాలకు పెంచారు గానీ, తెగిన ముక్కలు మళ్ళీ కలవలేదు. ఇరవై ఎకరాలు పశువులను పెంచి బతకడానికి చాలవు, పెరడుగా చూసుకోవడానికి మించిపోతాయి. రెండు గుర్రాలు వేసవి సగమయ్యేసరికి గడ్డిని నేలమట్టం చేస్తే, ఖాళీ అయిన చోట నాప్‌వీడ్, లీఫీ స్పర్జ్ వంటి కలుపు లేస్తుంది. అది పక్కవాడి చేనుకూ పాకుతుంది.

కొనేవాడికి నిజం చెప్పకపోవడం ఈ రాష్ట్రానికి కొత్త కాదు. 1909లో ఫెడరల్ ప్రభుత్వం మెట్టసేద్యం చేసేవారికి 320 ఎకరాలిస్తామని చట్టం చేసింది. రైలు కంపెనీలు పచ్చటి చేల బొమ్మలతో కరపత్రాలు పంచాయి. కొన్నేళ్ళు వానలు పడ్డాయి, గోధుమ ధర పలికింది, జనం తూర్పు మోంటానాకు తండోపతండాలుగా వచ్చారు. 1917లో మొదలైన కరువు వాళ్ళను తుడిచిపెట్టింది. 1920ల దశకంలో దేశం మొత్తం మీద జనాభా తగ్గిన రాష్ట్రం మోంటానా ఒక్కటే. ఆ వచ్చినవాళ్ళు సోమరులు కారు, మోసగాళ్ళు కారు. సగటు వాన ఎంతో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఇప్పటి ప్రకటనల్లో గోధుమ బదులు కొండలు, ట్రౌట్ చేపలు ఉన్నాయి.

అందువల్ల నేను కోరేదానికి మీ చట్టాల్లోనే నమూనా ఉంది. ఇల్లు చేతులు మారేటప్పుడు, నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక రాడాన్ వాయువు గురించి కొనేవారికి రాతపూర్వకంగా తెలపాలి. భూమిలో హానికరమైన కలుపు ఉంటే అమ్మేవారు చెప్పాలి. వీటి సరసన ఇంకొక కాగితం చేర్చించండి: ఈ భూమి గుండా కాలువ పోతుందా, దాని మీద ఎవరికి హక్కు ఉంది, బోరు ఏ మినహాయింపు కింద వేశారు, ఇది ఓపెన్ రేంజ్ ప్రాంతమా, రోడ్డు కౌంటీదా సొంతదా, చలికాలంలో మంచు ఎవరు తీస్తారు, మంటలార్పే బండి ఎక్కడినుంచి రావాలి. కొనేవారు సంతకం పెట్టాకే బయానా చెల్లాలి. కొలరాడోలోని లారిమర్ కౌంటీ, తర్వాత మా గాలటిన్ కౌంటీ ఇలాంటి సంగతులతో చిన్న పుస్తకాలు వేశాయి. మంచి ఉద్దేశంతో రాసినవే. కాని ఇష్టమైతే చదివే పుస్తకానికీ, సంతకం పెట్టే కాగితానికీ చాలా తేడా ఉంది. సంతకం పెట్టేటప్పుడు జనం చదువుతారు, కనీసం లాయరు చేత చదివిస్తారు.

మంటలార్పే బండి అన్నాను గనుక ఒక మాట. పల్లెల్లో అగ్నిమాపక దళాలు చాలావరకు స్వచ్ఛంద సేవకులతోనే నడుస్తాయి. వెల్డరు, స్కూలు బస్సు డ్రైవరు, రాంచ్ కూలీ పేజరు మోగగానే చేతిలో పని వదిలి పరుగెత్తాలి. ఇళ్ళ ధరలకు తట్టుకోలేక వాళ్ళు దూరపు ఊళ్ళకు తరలిపోతే, అడవి అంచున కట్టిన అద్దాల మేడకు మంట అంటుకున్నప్పుడు వచ్చేవాడుండడు. ఎక్కువ పన్ను కట్టే రెండో ఇళ్ళ నుంచి వచ్చే రాబడిలో కొంత ఈ దళాలకు, అందులో పనిచేసేవారి నివాసానికి మళ్ళించే దారి చూడండి.

దీనికి ఎదురుదెబ్బ ఎటునుంచి వస్తుందో నాకు తెలుసు. కొత్తవాళ్ళ నుంచి కాదు, పాతవాళ్ళ నుంచే. గడ్డికి పలికే ధర వేరు, కొండ కనబడేందుకు పలికే ధర వేరు. పిల్లలు ముగ్గురుంటే ఒక్కడే రాంచ్‌లో ఉంటానంటాడు. మిగిలిన ఇద్దరి వాటా డబ్బుగా ఇవ్వాలంటే కొంత భూమి అమ్మక తప్పదు. ఆ అమ్మే హక్కు మీద చెయ్యి వేస్తే వారు ఊరుకోరు. రవల్లీ కౌంటీలో 2008లో ఓటర్లు కౌంటీ ఎదుగుదలకు దారిచూపే తమ అభివృద్ధి విధానాన్నే రద్దు చేసుకున్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది: పిల్లల పంపకానికి భూమి తప్ప మరో ఆస్తి లేనివాడికి, ఆ భూమిని అలాగే ఉంచమని చెప్పడం సులభం, ఉంచినందుకు పరిహారం ఇవ్వడం కష్టం. ఆ కష్టాన్ని కొంత భరించడానికి గాలటిన్ ఓటర్లు 2000లోనూ, 2004లోనూ కోటి డాలర్ల చొప్పున బాండ్లకు ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో రైతుల నుంచి వారి భూమిలో ఇళ్ళు కట్టే హక్కును కొని పక్కన పెట్టారు. ఆ ఓట్లు వేసినవారిలో వలస వచ్చినవాళ్ళూ తక్కువేమీ లేరు. నేను అడుగుతున్న కాగితం మాత్రం ఎవరి అమ్మకాన్నీ ఆపదు. ధర ఒకవేళ కొంచెం తగ్గితే, అది దాచిన నిజానికి ఇన్నాళ్ళూ పలికిన ధర.

శాసనసభ రెండేళ్ళకొకసారే కూర్చుంటుంది. 2027 జనవరిలో మొదలయ్యే సమావేశాలకు ముందే బిల్లు ముసాయిదా సిద్ధం కావాలి. దాని మీద గాలటిన్, రవల్లీ, ఫ్లాట్‌హెడ్ కౌంటీల్లో బహిరంగ సభలు పెట్టించి, రియల్ ఎస్టేట్ ఏజెంట్లతో పాటు కాలువ కంపెనీలవారినీ, అగ్నిమాపక దళాలవారినీ పిలిపించమని ప్రార్థిస్తున్నాను. తేదీల విషయంలో చిన్న మనవి. మే నుంచి సెప్టెంబరు దాకా నీరు కట్టడం, గడ్డి కోతలతో రాంచర్లకు తీరిక ఉండదు. అక్టోబరులో దూడల అమ్మకాలు, ఆ వెంటనే నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ దాకా వేట. ఫిబ్రవరి వస్తే ఆవులు ఈనడం మొదలవుతుంది. సభలు డిసెంబరులో, సాయంత్రం మేత వేయడం అయ్యాక, ఊరి బడిలోనో రైతు సంఘపు గ్రేంజ్ హాలులోనో పెట్టించండి. రాజధాని హెలెనాలో పగటిపూట పెడితే లాబీయిస్టులు తప్ప ఎవరూ రారు.

భవదీయుడు,
గాలటిన్ కౌంటీ నివాసి