క్యామ్ మార్చే ముందు హెడ్డు సంగతి

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీ ఉత్తరం, దానితోపాటు పంపిన హెడ్డు ఫోటోలు అందాయి. ఆ పాత కూపర్ ఫార్ములా జూనియర్ (చిన్న ఇంజిన్ల రేసు తరగతి) కారు యజమాని హెడ్డును, అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చుని వాల్వులూ, గాలి వచ్చిపోయే పోర్టులూ ఉండే భాగాన్ని, ముట్టుకోవద్దంటూనే, వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే 649 అనే రేసు క్యామ్‌షాఫ్టు వేసి ఇంజిను బిగించమంటున్నాడని రాశావు. నన్నడిగితే ఆ వరుసే తలకిందులుగా ఉంది. హెడ్డు ఎంత గాలి పీల్చగలదో, వాల్వు ఎంత ఎత్తు లేచాక (అదే లిఫ్టు) ఇంక పీల్చలేదో తేలిన తర్వాతే క్యామ్ మాట ఎత్తాలి. అందులోనూ నీ ముందున్నది అయిదు పోర్టుల బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఏ-సిరీస్ ఇంజిను కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

ఆ ఇంజిను 1951లో ఆస్టిన్ ఏ30 అనే చిన్న కారు కోసం 803 సీసీతో మొదలైంది. పొదుపు చూసుకుని కట్టిన ఇంజిను కనుక నాలుగు సిలిండర్లకూ కలిపి రెండే ఇన్‌లెట్ పోర్టులిచ్చారు. 1, 2 సిలిండర్లు ఒకదాన్ని, 3, 4 సిలిండర్లు రెండోదాన్ని పంచుకుంటాయి. ఎగ్జాస్ట్ వైపు మూడున్నాయి, నడిమిది 2, 3లకు ఉమ్మడి. మద్రాసులో పని నేర్చుకునే రోజుల్లో మోరిస్ మైనర్ హెడ్లు విప్పినప్పుడు ఇదేం ఏర్పాటని నవ్వుకునేవాళ్లం గానీ, మామూలుగా రోడ్డు మీద తిరిగే కారుకు దానివల్ల పెద్ద ఇబ్బందేమీ లేదు. పోటీ ఇంజిను దగ్గరకు వచ్చేసరికే అసలు చిక్కు బయటపడుతుంది.

ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-3-4-2 కదా. దాని ప్రకారం రెండో సిలిండర్ పీల్చడం మొదలుపెట్టిన క్రాంకు అర చుట్టుకు ఒకటో సిలిండర్ అదే పోర్టు నుంచి పీల్చడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఆ పోర్టుకు చుట్టున్నర దాకా కొత్త పిలుపు ఉండదు. అటువైపు మూడు, నాలుగు సిలిండర్లదీ ఇదే తీరు. 948 సీసీ మోరిస్ మైనర్ క్యామ్‌లో ఇన్‌లెట్ వాల్వు పిస్టన్ పైకొనకు రావడానికి 5 డిగ్రీల ముందు తెరుచుకుని, కింది కొన దాటిన 45 డిగ్రీలకు మూసుకుంటుంది, అంటే మొత్తం 230 డిగ్రీలు. అందులోంచి అర చుట్టు, అంటే 180 తీసేస్తే, రెండు సిలిండర్లూ ఒకే పోర్టు మీద ఒకేసారి ఆధారపడే సమయం 50 డిగ్రీలు. 649లో వాల్వు తెరిచి ఉండేది 300 డిగ్రీలు గనుక ఆ సమయం 120 డిగ్రీలకు పెరుగుతుంది. ఒకే కుళాయి కింద ఇద్దరు బిందెలు పెట్టినట్టు, లోపలి సిలిండర్ తన వంతు చివరి గుక్కలు పీల్చుకుంటూ ఉండగానే బయటి సిలిండర్ ఆ ప్రవాహాన్ని తనవైపు లాగేసుకుంటుంది. నాలుగు ప్లగ్గులూ విప్పి చూస్తే లోపలి రెండూ ఒక రంగులో, బయటి రెండూ మరో రంగులో కనిపిస్తే కార్బొరేటర్ జెట్లు మార్చుకుంటూ కూర్చోవద్దు. తేడా అక్కడిది కాదు. ఈ బాధ తగ్గించడానికే లోపలి, బయటి సిలిండర్లకు క్యామ్ ముక్కులను వేర్వేరు కోణాల్లో పెట్టి గ్రైండ్ చేసిన షాఫ్టులు కూడా వచ్చాయి.

1960 మార్చిలో గుడ్‌వుడ్‌లో జరిగిన ఫార్ములా జూనియర్ పోటీని ఈ దృష్టితో చూడు. ఫోర్డ్ ఇంజిను ఉన్న లోటస్ 18లో జిమ్ క్లార్క్ మొదట వచ్చాడు. కెన్ టిరెల్ తరఫున కూపర్-ఆస్టిన్ నడిపిన జాన్ సర్టీస్ రెండోవాడయ్యాడు. డ్రైవర్ల నైపుణ్యాన్ని తక్కువ చేయడం లేదు గానీ, ఫోర్డ్ 105ఈ బోరు (సిలిండర్ వ్యాసం) సుమారు 81 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 48 మాత్రమే. పైగా నాలుగు సిలిండర్లకూ నాలుగు విడి ఇన్‌లెట్ పోర్టులు. పెద్ద వాల్వులకు చోటు, ఎవరి గాలి వారికి. రేసు ఇంజిన్లు తయారుచేసే కాస్‌వర్త్ వాళ్లు ఆ ఇంజినును ఎంచుకోవడంలో ఆశ్చర్యమేముంది? ఏ-సిరీస్ సన్నని బోరుతో, పొడుగాటి స్ట్రోకుతో వాళ్లతో సమానంగా నిలబడాలంటే హెడ్డు మీద పడాల్సిన శ్రమ ఎక్కువ.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. 1959లో అంతర్జాతీయ స్థాయికి వచ్చిన ఆ ఫార్ములాను ఇటలీలో మొదలుపెట్టినవాడు కౌంట్ జొవాన్ని లురాని. 1100 సీసీ కార్లకు కనీస బరువు 400 కిలోలు, 1000 సీసీ వాటికి 360 కిలోలు. ఓవర్‌హెడ్ క్యామ్‌కు వీలు లేదు. మొదట్లో చాలా గెలుపులు తెచ్చుకున్న స్టాంగ్వెల్లీని కార్లలో ఉన్నది ఫియట్ 1100 ఇంజిను, 68 మిల్లీమీటర్ల బోరు, 75 స్ట్రోకు, 1089 సీసీ. మన ఆటోనగర్లో నేను ఇన్నేళ్లూ హెడ్లు దించిన ప్రీమియర్ పద్మినిలో ఉన్నదీ అదే!

ఇక పని విషయం. పోర్టు గోడలు అద్దంలా మెరిసేదాకా సాన పట్టడం చూసేవాళ్ల కోసం చేసే పని. ఇంజినుకు దానివల్ల ఒరిగేది తక్కువ. నీ సమయం వాల్వు ఆనుకునే సీటుకు కింద, పైన ఉన్న ఒకటి రెండు సెంటీమీటర్ల మేర పెట్టు. వాల్వు సీటుకు 45 డిగ్రీలు, దాని పైన 30, కింద 60 కోసి, సీటు కిందనున్న పోర్టు గొంతు వ్యాసాన్ని వాల్వు వ్యాసంలో 85 నుంచి 88 శాతం దగ్గర ఆపితే చాలు. పోర్టు లోపలి మలుపును పదునుగా వదిలేయకు, అలాగని అడుగును తవ్వి పల్లం చేయకు. మిశ్రమం మండే చాంబరులో రెండు వాల్వుల మధ్యకు ముక్కులా పొడుచుకొచ్చిన భాగం హ్యారీ వెస్లేక్ రూపకల్పనలోనిది. దాన్ని అంతా కొట్టేస్తే మిశ్రమం కలిసే తీరు దెబ్బతింటుంది, ఇన్‌లెట్ వాల్వుకు అడ్డొచ్చే అంచు మేరకే వెనక్కి తీయాలి. వాల్వు వ్యాసంలో నాలుగో వంతు లిఫ్టు దగ్గర దాని చుట్టూ ఏర్పడే సందు వాల్వు వైశాల్యంతో సమానమవుతుంది, అంటే 32 మిల్లీమీటర్ల వాల్వుకు 8 మిల్లీమీటర్లు. హెడ్డు గుండా పోయే గాలిని కొలిచే ఫ్లో బెంచీ మీద ప్రతి మిల్లీమీటరు లిఫ్టుకూ కొలత రాసుకో. వాల్వు పెద్దది చేయాలనుకుంటే బ్లాకు పై అంచుకు తగులుతుందేమో ముందే చూసుకో. నడిమి ఎగ్జాస్ట్ పోర్టు చుట్టూ వేడి ఎక్కువ, సీట్ల మధ్య పగుళ్లు వెతకకుండా మిషను మీద ఎక్కించకు.

చాంబర్లను బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం)తో, కిరోసిన్ పోసి, గ్రీజు రాసిన పెర్‌స్పెక్స్ (పారదర్శక ప్లాస్టిక్) పలక మూతపెట్టి కొలువు. 1098 సీసీ ఇంజినులో ఒక్కో సిలిండర్ 274.5 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 11 కావాలంటే గ్యాస్కెట్, పిస్టన్ గుంట అన్నీ కలుపుకుని పైన మిగలాల్సింది 27.45 సీసీ. ఒక్క సీసీ తగ్గితే అది దాదాపు 11.4 అవుతుంది. హెడ్డు అడుగును చదునుగా కోసే ఫేసింగ్ వాళ్లు ఇంకొంచెం తీస్తే పోలా అంటారు. ఆ కొంచెం ఎంతో ఇప్పుడు నీకు తెలుసు. క్యామ్ ఇన్‌లెట్‌ను ఆలస్యంగా మూసే కొద్దీ అసలు నొక్కుడు తగ్గుతుంది కనుక, పెద్ద క్యామ్‌కు తక్కువ కంప్రెషన్ పెడితే ఇంజిను బద్ధకిస్తుంది, చిన్న క్యామ్‌కు ఎక్కువ పెడితే నాకింగ్ కొడుతుంది. అందుకే ఈ రెంటినీ ఒకే కాగితం మీద లెక్కవేయాలి. మలుపులు ఎక్కువగా ఉన్న చిన్న ట్రాకు మీద నడిపే కారైతే వాల్వు 280 డిగ్రీలు తెరిచి ఉండే క్యామ్ దగ్గర ఆగమనే నా సలహా.

ఏ క్యామ్ వేసినా దాన్ని తిప్పే గొలుసు గేర్ల మీది చుక్కలను నమ్మవద్దు. పిస్టన్‌కు అడ్డు పెట్టి, రెండు వైపులా తిప్పి పైకొనను ఖాయం చేసుకో. డయల్ గేజ్‌తో గరిష్ఠ లిఫ్టుకు అటూ ఇటూ సమాన లిఫ్టు చూపే రెండు కోణాలు తీసుకుని సగటు చూడు. ఆ రెండూ ఒకే దిశలో తిప్పుతూ చదవాలి, లేకుంటే గొలుసు వదులు నీ లెక్కలోకి వస్తుంది. తేడా ఉంటే క్యామ్ గేరును కాస్త పక్కకు జరిపే ఆఫ్‌సెట్ కీతో సరిచెయ్యి. పిస్టన్ మీద ఆటమట్టి పెట్టి, ఎగ్జాస్ట్ వాల్వుకు కనీసం 2 మిల్లీమీటర్ల ఎడం ఉందో లేదో చూడు. పూర్తి లిఫ్టులో స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగలకూడదు. కొత్త క్యామ్, దాని మీద ఆనుకునే కొత్త టాపెట్లు వేసి మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఐడిల్‌లో వదలకుండా 20 నిమిషాలు 2000 ఆర్‌పీఎం పైన నడపాలి. నూనెలో జింకు ఉండాలి. ఈ పాత ఇంజిన్ల టాపెట్లు తమ చుట్టూ తాము తిరుగుతూ అరిగేవి, ఆ మొదటి నిమిషాల్లో తిరగకపోతే క్యామ్ ముక్కు పోయినట్టే.

యజమానికి ఇవన్నీ ఉత్తరంలో చెప్పడం కంటే ఫ్లో బెంచీ అంకెలు ముందు పెట్టడం మేలు. బ్యూరెట్ కొలతలు, లిఫ్టు వారీ గాలి లెక్కలు నాకూ పంపు, ఇక్కడి నుంచి క్యామ్ కోణాలు లెక్క కట్టి రాస్తాను. అమ్మ నీ చలికోట్ల గురించి విడిగా రాస్తుందట.

ఆశీస్సులతో,
నాన్న
విజయవాడ