మార్కులకు ప్రతిభ అని పేరు పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షా ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మీ పత్రికలోనూ, మిగతా పత్రికల్లోనూ 'ప్రతిభ చాటిన విద్యార్థులు' అనే శీర్షిక తప్పకుండా కనిపిస్తుంది. దాని కింద వరుసగా ఫొటోలు, పేర్ల పక్కన మార్కులు. ఆ పిల్లల సంతోషంలో నాకూ పాలుంది. నా అభ్యంతరమల్లా 'ప్రతిభ' అన్న ఆ మాట మీదే.

సంస్కృతంలో 'భా' ధాతువుకు ప్రకాశించడమని అర్థం. ఎవరూ చెప్పకుండానే మనసులో తటాలున మెరిసేది ప్రతిభ. సంస్కృత కావ్యశాస్త్రకారుడు భట్టతౌతుడు దాన్ని 'నవనవోన్మేషశాలిని' అయిన ప్రజ్ఞ అన్నాడు. ఎప్పటికప్పుడు కొత్తది స్ఫురింపజేసే బుద్ధి అన్నమాట. మరో కావ్యశాస్త్రకారుడు రాజశేఖరుడు అందులో రెండు రకాలు చెప్పాడు. కవిది కారయిత్రి, రసికుడిది భావయిత్రి. రాసేవాడికే కాదు, విని ఆనందించేవాడికీ ప్రతిభ ఉండాలన్న ఆ ఊహ నాకెంతో ఇష్టం. అది నిజమని నా తరగతిగదిలోనే తెలిసింది.

ఒకరోజు ఆటవెలది పాఠం చెబుతూ నల్లబల్ల మీద ఒక పద్యం రాశాను. వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడొకడు, గురులఘువులు కూడా సరిగా గుర్తించలేనివాడు, లేచి నిలబడి "టీచర్, మూడో పాదం కుంటుతోంది" అన్నాడు. ఎక్కడని అడిగితే చూపించలేకపోయాడు. పాదమంతా చదువుతూ బెంచీ మీద వేళ్లతో దరువు వేశాడు; ఒకచోట వేలు గాల్లో ఆగిపోయింది. సరిగ్గా అక్కడే నేను ఒక అక్షరం వదిలేశాను. ఆ ఏడాది తెలుగులో అతనికి వచ్చినవి అత్తెసరు మార్కులు. ఆ చెవిని కొలిచే ప్రశ్న మా పరీక్షలో లేదు.

దండి తన కావ్యశాస్త్ర గ్రంథం 'కావ్యాదర్శం'లో కావ్యసంపదకు మూడు కారణాలు చెప్పాడు: నైసర్గికమైన ప్రతిభ, నిర్మలమైన విస్తారమైన చదువు, సడలని పూనిక. ఆ వెంటనే, ప్రతిభ లేకపోయినా చదువుతో, ప్రయత్నంతో కొలిస్తే వాగ్దేవి ఎంతో కొంత అనుగ్రహించి తీరుతుందనీ అన్నాడు. మూడింటికీ మూడు పేర్లున్నాయి. మనం మూడింటినీ ఒకే మాటలో చుట్టేస్తున్నాం. తెల్లవారుజామున లేచి, రాని లెక్కను పదిసార్లు చేసి పైకొచ్చిన అమ్మాయిని 'ప్రతిభావంతురాలు' అనగానే ఆమె పడ్డ కష్టం కనబడకుండా పోతోంది. ఆమెది కృషి, ఆ పేరుతోనే మెచ్చుకోవాలి. ఇక జాబితాకెక్కని పిల్లలు తమకు పుట్టుకలోనే ఏదో కొరవడిందనుకుంటారు. 'పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది' అన్న సామెత పెద్దల నోట వింటూనే ఉంటారు. ఫలితాల మర్నాడు పత్రిక కూడా అదే మాట అంటే వాళ్లు ఎవరితో చెప్పుకుంటారు?

'మెరిట్'కు అనువాదంగా ఈ మాట స్థిరపడిపోయిందని తెలుసు. కానీ మెరిట్ అంటే యోగ్యత. అది సంపాదించుకునేది.

వచ్చే ఫలితాలనాటికి 'అత్యధిక మార్కులు సాధించినవారు' అని శీర్షిక పెట్టండి. చోటు చాలకపోతే 'ఫలించిన కృషి' అనండి. ప్రతిభ అన్న మాటను, ఎవరైనా ఒక పిల్లవాడు ఎవరూ నేర్పని బాణీ కట్టాడనో, ఎవరికీ తట్టని దారిలో లెక్క తేల్చాడనో వార్త వచ్చిన రోజుకు అట్టేపెట్టండి.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని