తాళం లేని నరకం

సంపాదకులకు,

ఫాంటసీ సీరియళ్లు నరకాన్ని తేలిక చేస్తున్నాయన్న విమర్శ సగమే నిజం. అమెరికన్ సీరియల్ ‘లూసిఫర్’ (2016–2021)లో నరకపు గదులకు తాళాలుండవు. చేసిన తప్పు మనసును తొలిచేస్తుంటే పాపి అదే ఘట్టాన్ని మళ్లీ మళ్లీ అనుభవిస్తూ లోపలే ఉండిపోతాడు. భాగవతం పంచమ స్కంధంలో చెప్పిన 28 నరకాల్లో యమభటులు చేసే పని ఇక్కడ మనస్సాక్షే చేస్తుంది. తేలికంటారా దీన్ని? మరో అమెరికన్ సీరియల్ ‘సూపర్‌నేచురల్’లోనైతే భూమ్మీద 4 నెలలు నరకంలో 40 ఏళ్లు. ఆ సీరియల్‌లోనే దివ్యశక్తి పోయిన దేవదూత కాస్టియేల్‌కు ఆకలి, నిద్ర మొదలై, చివరికి పెట్రోలు బంకు దుకాణంలో గుమాస్తాగా చేరతాడు. పురాణ కథలాడే చిందు యక్షగానం ఎరిగిన ఓరుగల్లు పల్లెలకు దేవతలు మనుషుల్లా మాట్లాడటం కొత్తేమీ కాదు. ‘లూసిఫర్’లో వారానికో హత్య కేసు ఇరికించడమే అసలు విసుగు. పిల్లల సంగతంటారా, ఓటీటీలో వాళ్ల ప్రొఫైల్‌కు వయసు పరిమితి పెట్టి, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ వేయండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ