కరెంటు పోయిన వేళ పలికిన కొలంబో

ప్రియమైన చేపముల్లుకు,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది. బదులు రాయలేదని నువ్వు అలిగి ఉంటావు, అలగడానికి నీకు పూర్తి హక్కు ఉంది, క్షమించు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పులు కాస్త నెమ్మదించాయి, కోతలు మొదలయ్యాయి, కొబ్బరి ధర సంగతి మాత్రం అడగకు. మిగిలిన ఇంటి కబుర్లన్నీ ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఇప్పుడు నా మనసు వాటి మీద నిలవడం లేదు.

మొన్న శనివారం సాయంత్రం, నా చేతులతో కట్టిన రేడియో మీద శ్రీలంకతో మాట్లాడాను. ఫోను కాదు, ఇంటర్నెట్ కాదు. పెరట్లో కట్టిన రాగి తీగ, బల్ల మీద ఒక పెట్టె, పాత యూపీఎస్‌లోంచి తీసిన బ్యాటరీ, అంతే. కాలేజీ మేడ మీద చేతిలో చేపముల్లులాంటి యాంటెనా పట్టుకుని, హామ్ రేడియోవాళ్ళ కోసం పంపిన హామ్‌శాట్ ఉపగ్రహం కోసం ఆకాశమంతా వెతుకుతున్న నీకు ఆ వాచ్‌మన్ పెట్టిన పేరు ఇప్పటికీ నీకు అంటుకునే ఉంది కాబట్టి, ఈ ఆనందం నీకు తప్ప ఇంకెవరికీ పూర్తిగా అర్థం కాదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6 మోసుకెళ్ళిన ఆ చిన్న ఉపగ్రహం 2014 జూలైలో మూగబోయిందని తెలిసిన రోజున నువ్వు ఫోను చేసి ఏమీ మాట్లాడకుండా పెట్టేశావు, గుర్తుందా? సరే, ఆ సంగతి ఇప్పుడు వద్దు.

నేను కట్టినది బిట్‌ఎక్స్. మన హైదరాబాదువాడైన అష్‌హర్ ఫర్హాన్ రూపొందించిన సర్క్యూట్ అది. ఖరీదైన విదేశీ రేడియో కొనలేని మనబోటివాళ్ళు బజారులో దొరికే విడిభాగాలతోనే చేసుకోవాలని ఆయన గీసిన పటాన్ని ఇవాళ ప్రపంచమంతటా హామ్‌లు, అంటే సరదా కోసం రేడియో నడిపేవాళ్ళు, కట్టుకుంటున్నారు. మొదటి నమూనాలో టోరాయిడ్లు, అంటే కాయిల్ చుట్టే ఉంగరాలు, దొరకనివాళ్ళ కోసం కుళాయి వాషర్ల మీద కాయిల్ చుట్టమన్నాడు చూడు, ఆ ఒక్క మాట చాలు ఆయన మీద నాకు గౌరవం కలగడానికి. అందులో నాకు నచ్చిన కిటుకు మరొకటి ఉంది. వినేటప్పుడు సిగ్నల్ ఏ మిక్సర్ల గుండా, ఏ ఫిల్టర్ గుండా లోపలికి వస్తుందో, మాట్లాడేటప్పుడు మన గొంతు అదే దారిన వెనక్కి నడిచి బయటికి పోతుంది. ఆ దారిలోని యాంప్లిఫయర్లు రెండు వైపులా పనిచేస్తాయి కాబట్టి చాలా భాగాలు మిగులుతాయి.

ఫిల్టర్ కోసం హైదరాబాదు వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో గుప్పెడు 12 మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్స్ కొన్నాను. అన్నింటి మీదా ఒకే అంకె అచ్చయి ఉన్నా, ఒక్కొక్కదాన్నీ ఆసిలేటర్‌లో పెట్టి కొలిస్తే ఏ రెండూ ఒక్క చోట నిలవవు, వందల హెర్ట్‌జ్ తేడా కనబడుతుంది. కొలిచిన అంకెను చిన్న కాగితం ముక్క మీద రాసి దానికే అతికిస్తూ, బాగా దగ్గరగా ఉన్న నాలుగింటిని ఏరుకున్నాను. పెళ్ళిచూపులకు కూడా ఇంత పట్టింపు చూపలేదని మా ఆవిడ అన్నది. ఇనామిల్ తీగ కొసలను బ్లేడుతో గీకి గీకి బొటనవేలి గోరు అరిగిపోయింది. ఆఖరి దశలో ఐఆర్‌ఎఫ్ 510 పెట్టాను. మామూలుగా కరెంటు స్విచ్చింగ్ కోసం చేసిన ఆ చవక ట్రాన్సిస్టర్, 12 వోల్టులిస్తే దాదాపు 5 వాట్ల రేడియో తరంగాన్ని బయటికి నెడుతోంది.

ఆ 5 వాట్ల గురించి పక్కింటి పిన్నిగారికి నచ్చజెప్పడం రేడియో కట్టడం కంటే కష్టమైంది. మా కొబ్బరి చెట్టు నుంచి మేడ మీద నీళ్ళ ట్యాంకు దాకా తీగ కట్టడం చూసి, మేము సెల్‌టవర్ పెట్టించుకుంటున్నామని ఆవిడ అనుకున్నది. ఆవిడ పూజగదిలో రాత్రంతా వెలిగే పాత జీరో వాట్ బల్బు నిజానికి పది వాట్లకు పైనే తింటుందని, నా రేడియో అందులో సగం శక్తినైనా గాలిలోకి పంపదని చెబితే, ఆవిడ ఆ రాత్రి నుంచి ఆ బల్బు ఆర్పేసి మళ్ళీ దీపం పెడుతోంది. నా వాదన గెలిచిందో ఓడిందో నాకే తెలియదు. తీగ మాత్రం 7.1 మెగాహెర్ట్‌జ్‌కి సగం తరంగదైర్ఘ్యం, అంటే సుమారు 20 మీటర్లు, మధ్యలో తెగ్గొట్టి చెరో పది మీటర్లు. చెట్టెక్కినవాడికి కూలితో పాటు రెండు బొండాలు కూడా ఇచ్చుకోవలసి వచ్చింది.

ఇక అసలు కథకు వస్తాను. పొద్దు గూకాక నలభై మీటర్ల బ్యాండ్, అంటే మన 7 మెగాహెర్ట్‌జ్ తరంగాల వరస, ఎలా మారిపోతుందో నీకు చెప్పనక్కర లేదు. పగలంతా మన సంకేతాన్ని మింగేసే, పై ఆకాశంలోని డి పొర సూర్యుడితో పాటే కరిగిపోతుంది, పైన ఎఫ్ పొర అద్దం పట్టుకుని నిలబడుతుంది, వందల కిలోమీటర్ల అవతలి గొంతులు ఒక్కసారిగా దగ్గరవుతాయి. పుస్తకంలో ఉన్న సంగతి అది. మా వీధిలో ఉన్న సంగతి వేరు. సందు చివరి చికెన్ సెంటర్ వాడు పెట్టిన ఎల్‌ఈడీ బోర్డు సాయంత్రం వెలిగిందంటే, బ్యాండ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా రొద తప్ప ఏమీ వినబడదు. చవక బోర్డులో ఫిల్టర్ లేని స్విచ్చింగ్ సప్లై ఎంత చెరుపు చేస్తుందో నువ్వు పూణేలో ఇంకా బాగా ఎరుగుదువు. ఆ సాయంత్రం కూడా, ఎవరైనా వింటే పలకండని సీక్యూ పిలిచి పిలిచి గొంతు ఆరిపోయి, రేడియో కట్టేసి భోజనానికి లేవబోతున్నాను.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. వీధి వీధంతా ఉసూరుమన్నది, నేను ఒక్కడినే గెంతాను. బ్యాటరీ మీద ఉన్న నా రేడియోలో రొద నోరు మూసుకుంది. స్పీకరులో అంత నిశ్శబ్దం నేను ఈ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో లోలోపల ఎక్కడో ఎవరో శ్రీలంక గుర్తయిన ఫోర్ ఎస్ సెవెన్ అంటూ సీక్యూ పిలుస్తున్నారు. నాబ్ ఒక వెంట్రుకవాసి తిప్పగానే, ముక్కుతో మాట్లాడుతున్నట్టున్న గొంతు మనిషి గొంతు అయింది. మైకు మీట నొక్కితే రిలే టిక్కుమంది, నా వీయూ త్రీ కాల్‌సైన్, అదే గాలిలో నా పేరు, రెండుసార్లు చెప్పి వదిలాను. కాసేపు ఏమీ లేదు. ఆ తరవాత, ఆయన నా కాల్‌సైన్‌లో చివరి అక్షరం ఒక్కటి తప్పుగా పలికి, మళ్ళీ చెప్పమన్నాడు. చేపముల్లూ, నా పేరును ఎవరైనా తప్పుగా పిలిస్తే నాకు అంత సంతోషం కలగడం అదే మొదలు.

కొలంబో దగ్గరి ఊరు ఆయనది. ఇక్కడి నుంచి దాదాపు 1,100 కిలోమీటర్లు. గొంతును బట్టి పెద్దవయసు మనిషి. నాకు 55 రిపోర్టు ఇచ్చాడు, అంటే మాట స్పష్టతకు ఐదుకు ఐదు, సిగ్నల్ బలానికి తొమ్మిదికి ఐదు. అది నాకు ఎంతో నచ్చింది. ప్రతివాడికీ 59 అని దానం చేసేసి, ఆ వెంటనే మీ పేరు వినబడలేదు మళ్ళీ చెప్పండి అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. నేను ఆయనకు 57 ఇచ్చాను, అది కూడా నిజమే. రేడియో ఏమిటని అడిగితే హోమ్‌బ్రూ అన్నాను, పవర్ ఐదు వాట్లు అన్నాను. యాభయ్యా అన్నాడు. కాదు, ఐదు. అప్పుడు ఆయన ఏం చేశాడో తెలుసా? తన వంద వాట్ల రేడియోని పది వాట్లకు దించి, ఇప్పుడు మనం సమ ఉజ్జీలమయ్యాం, వినబడుతున్నానా అని అడిగాడు. పల్చబడ్డాడు గానీ ప్రతి మాటా వినబడింది.

నాది సముద్రానికి దగ్గరి ఊరని చెప్పగానే ఆయన గొంతు మారింది. 2004 డిసెంబరు 26, ఆ సునామీ రోజు, ఆయనకు గుర్తుకొచ్చింది. ఆ వారం తను రేడియో ముందు నుంచి లేవలేదని, పేర్లు రాసుకోవడం, పేర్లు చదవడం తప్ప మరో పని చేయలేదని చెప్పాడు. ఆ రోజున అండమాన్‌లో మన భారతీ ప్రసాద్ గారు ఉన్నారు కదా, హైదరాబాదులోని హామ్ రేడియో సంస్థ ఎన్ఐఏఆర్ తరఫున, అండమాన్‌కు ఇచ్చే వీయూ ఫోర్ కాల్‌సైన్‌తో దూరదేశాలవాళ్ళతో మాట్లాడడానికి పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి, భూమి కంపించాక ఆ సరదా అంతా కట్టిపెట్టి, ఫోన్లు లేని దీవుల నుంచి క్షేమసమాచారాలు చేరవేశారు. ఆవిడ పేరు చెబితే ఆయన వెంటనే, ఆ గొంతు నేను విన్నాను అన్నాడు. నాకు మాట పెగల్లేదు. మీట నొక్కి పట్టుకుని ఊరికే కూర్చున్నాను, గాలిలోకి నా ఊపిరి చప్పుడు మాత్రమే వెళ్ళి ఉంటుంది. ఒకే అల ఆ ఒడ్డునూ ఈ ఒడ్డునూ ఎలా... సరే, ఇది ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

ఇంకా ఏదో అడగబోతుండగా కరెంటు వచ్చింది. వీధిలో పిల్లలు ఈల వేశారు, చికెన్ సెంటర్ బోర్డు వెలిగింది, ఆయన చెబుతున్న వాక్యం సగంలోనే రొదలో మునిగిపోయింది. చివరికి సెలవు చెప్పే సెవెంటీ త్రీ అన్న ముక్క ఒక్కటే పైకి తేలింది, అదైనా విన్నానో ఊహించుకున్నానో చెప్పలేను. సంభాషణ మధ్యలోనే, మాట్లాడుకున్నామనడానికి గుర్తుగా ఇచ్చే క్యూఎస్ఎల్ కార్డు తపాలాలో పంపుతానని ఆయన చెప్పాడు కాబట్టి, పోస్ట్‌మన్ సైకిల్ బెల్లు మోగితే చాలు గేటు దగ్గరికి పరుగెడుతున్నాను. లాగ్‌బుక్‌లో 1350 యూటీసీ, అంటే మన లెక్కన రాత్రి 7:20, అని రాశాను. ఆ తరవాత ఐఆర్‌ఎఫ్ వీపు మీద వేలు పెట్టి చూస్తే, పాపం, ఇంకా వెచ్చగానే ఉంది.

మర్నాడు చికెన్ సెంటర్ వాడి దగ్గరికి ఒక ఫెరైట్ రింగు పట్టుకుని వెళ్ళాను. వాడి బోర్డు వైరును దాని చుట్టూ నాలుగు చుట్లు చుడతానంటే, అది దిష్టికా అని అడిగాడు. దిష్టికే అన్నాను. రొద సగానికి సగం తగ్గింది, వాడికి ఆదివారం బేరం కూడా పెరిగిందట, ఇప్పుడు రెండో రింగు అడుగుతున్నాడు.

నువ్వు ఆ లైసెన్సు కాగితం ఏ బీరువాలో పడేశావో వెతుకు. కాలం చెల్లి ఉంటే రెన్యూవల్‌కు పంపు, సాకులు చెప్పకు. మీ అపార్ట్‌మెంట్ వాళ్ళు తీగ కట్టనివ్వరన్నావు కదా, బట్టలు ఆరేసుకునే తీగకు ఎవరూ అభ్యంతరం చెప్పరు, పైగా అది రాగిదో ప్లాస్టిక్‌దో ఎవరు చూడవచ్చారు. ఉదయం ఏడు గంటలకు నలభై మీటర్ల మీద పూణే ఇక్కడికి హాయిగా వస్తుంది. ఏ ఆదివారమో రాస్తే, 7.1 దగ్గర కాచుకుని ఉంటాను. నీ గొంతు ఎలా ఉన్నా సరే నీకు 59 మాత్రం ఇవ్వను, ముందే చెబుతున్నాను.

మొదట పెట్టిన ఐఆర్‌ఎఫ్ ఏమైందో, మా ఆవిడ దాన్ని ఎక్కడ దాచిందో రాయనే లేదు, అది పెద్ద కథ. పోస్టు డబ్బా తీసే మనిషి వచ్చేశాడు, ఇక ఆపక తప్పదు.

73,
నీ షార్ట్ సర్క్యూట్