కదిలే నంబరును పెద్దల కళ్లు అందుకోలేవు: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

హైదరాబాద్ సిటీ బస్సుల్లో కొన్నింటి ఎల్‌ఈడీ బోర్డులపై రూటు నంబరు, ఊరి పేరు ఒకచోట నిలవకుండా జరిగిపోతుంటాయి. కనీసం నంబరైనా కదలకుండా ఉండేలా ఆదేశాలివ్వాలని వయసు మళ్లిన ప్రయాణికుల తరఫున కోరుతున్నాను.

కదిలే వస్తువు స్పష్టంగా కనిపించాలంటే కన్ను కూడా అదే వేగంతో జరుగుతూ, దాని బింబాన్ని రెటీనా నడిమధ్య నిలిపి ఉంచాలి. వయసు పైబడేకొద్దీ కన్ను వెనకబడి, ఆ వెలితిని పూడ్చుకోవడానికి చిన్న చిన్న గెంతులు వేస్తుంది. గెంతే ఆ క్షణాల్లో చూపు సరిగా ఆనదు. వస్తువు వేగం పెరిగితే ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువవుతుంది. కదలికను పసిగట్టి కంటి కండరాలను నడిపించే మెదడు భాగాలు వయసుతో నెమ్మదించడం ఇందుకు ముఖ్య కారణం కాబట్టి, శుక్లాల ఆపరేషన్ చేయించుకుని, ఆసుపత్రి చార్టును చివరి వరుస దాకా చదివిన మనిషి కూడా రోడ్డు మీద బస్సు నంబరు పోల్చుకోలేకపోవచ్చు. (నలభై దాటినవారి డ్రైవింగ్ లైసెన్సుకు కావలసిన వైద్య ధ్రువపత్రం, ఫారం 1ఏ సైతం 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు కనిపిస్తుందా అనే అడుగుతుంది తప్ప, కదిలేదాన్ని కన్ను వెంబడించగలదా అని అడగదు.)

సాయంత్రం వేళ 49ఎం కోసం నిలబడిన పెద్దావిడను ఒక్కసారి గమనించండి. కంటిపాప చిన్నదై లోపలికి వెలుతురు తక్కువ వెళ్లే వయసు. బస్సూ కదులుతోంది, బోర్డు మీది అక్షరాలూ కదులుతున్నాయి. ఆవిడ కళ్లు చికిలించి చూసేసరికి నంబరు జరిగిపోయి ఊరి పేరు వస్తుంది. పక్కనున్న పిల్లను "అమ్మా, ఇది 49ఎమ్మేనా?" అని అడిగేలోపు బస్సు వెళ్లిపోతుంది. 2023 డిసెంబర్‌లో మొదలైన మహాలక్ష్మి పథకం ఆవిడకు టికెట్టు భారం తీర్చింది, నిజంగా మంచి పనే. కానీ బస్సును గుర్తుపడితేనే కదా అది అక్కరకొచ్చేది.

నంబరును పెద్ద అంకెల్లో ముందువైపే కాక, ఎక్కే తలుపు పక్కనా, వెనకా స్థిరంగా చూపించాలి. ఊరి పేరు జరిగిపోకుండా కొన్ని సెకన్లు నిలిచి మారాలి. స్టాపులో బస్సు పూర్తిగా ఆగాక కండక్టరు గానీ, డ్రైవరు గానీ నంబరు బిగ్గరగా చెప్పాలి. ఇకపై కొనే బోర్డులను ఖరారు చేసే ముందు, అరవై అయిదు దాటినవారిని స్టాపులో నిలబెట్టి, వస్తున్న బస్సు నంబరును వారు ఎంత దూరం నుంచి చదవగలుగుతున్నారో పరీక్షించేలా చూడాలని మనవి.

ఇట్లు,
ఒక సిటీ బస్సు ప్రయాణికుడు